వంకర గీత

గోడకి అంటించిన కాగితంలో రెండే గడులుండేవి,
పొద్దున్న ఒకటి, సాయంత్రం ఒకటి.
అచ్చియ్యమ్మ కుడిచెయ్యి పదిసార్లు ఎత్తించానా,
మడమ కింద తలగడ పెట్టానా,
పక్కకి తిప్పానా, మాత్ర వేశానా,
టిక్కు పెట్టుకుంటూ పోవడమే.

పెద్దాసుపత్రి నుంచి వచ్చే ఫిజియో గుంట
మొన్న స్కేలైనా పెట్టకుండా
ఇంకో గీత గీసింది, వంకరగా.
గీత పక్కన పైన రాసింది: బాబాయికి.
"నీ కోసం నువ్వు చేసుకున్నదేదో ఇందులో రాయాల.
రోజుకొకటి. చిన్నదైనా పర్లేదు."

"నాకేటమ్మా, నాను బాగానే ఉన్నాను గదా" అన్నాను.
బల్లకి చెయ్యానించకుండా
నేను లేవలేకపోవడం చూసిందా పిల్ల.
ఏమీ అనలేదు.
బీపీ పట్టీ మాత్రం ఆవిడ చేతికి చుట్టాక
నా చేతికీ చుట్టింది.
నూట డెబ్భై.

వారం రోజులు ఆ గడి ఖాళీ.
ఎనిమిదో నాడు అబద్ధం రాశాను:
"నడక, అరగంట."
నడిచింది మందుల షాపు దాకా,
డైపర్ల కోసం.

తొమ్మిదో నాడు మరీ చిన్నది ఎంచుకున్నాను.
టీ వేడిగా ఉండగానే తాగాలి.
నవ్వకండి.
ఏడాదిన్నరై నా గ్లాసులో
మీగడ కట్టని టీ లేదు.

మొదటి రోజు రెండు గుక్కలు.
అంతలోనే లోపల్నించి ఆ చప్పుడు.
మాట కాదు, మాట కావాలని
పెనుగులాడే గాలి.
లేచాను.
రెండో రోజు సగం గ్లాసు.
మూడో రోజు నాలిక కాలింది.
ఎంత బాగుందో!

ముప్పయ్యొక్క ఏళ్ళు నెల్లిమర్ల జూటుమిల్లులో
స్పిన్నింగులో నిలబడ్డవాణ్ణి.
పోగు తెగితే కంటికన్నా ముందు
చెవికి తెలిసేది నాకు.
వారానికోసారి ఫ్రేము ఆపి నూనె పెట్టేవాళ్ళం.
ఆపకపోతే ఏమవుతుందో
బేరింగులోంచి లేచే పొగే చెప్పేది.
ఆ లెక్క ఒంటికీ వర్తిస్తుందని
ఎవరైనా చెప్పుంటే వినేవాణ్ణా?
లాకౌటు రోజుల్లో తప్ప
ఊరుకున్న చేతులు కావివి.

శనివారం ఎదురింటి సన్యాసమ్మ
చిక్కుడుకాయల చేటతో వచ్చి గుమ్మంలో కూర్చుంది.
"ఎల్లు బావా, నానుంతాను.
నీ పెళ్ళాన్ని నానేటి అమ్మేసుకుంతానా?"

చంపావతిలో నీళ్ళు చీలమండ దాకా లేవు.
ఇసకలో కూర్చున్నాను.
కూర్చున్నది నడుమే, చెవులు ఇంటి దగ్గరే ఉండిపోయాయి.
ఎవరో కుర్రాడు పాయలో ఆటో కడుగుతున్నాడు.
చక్రాలు, సీటు, ఆఖరికి అద్దం.
అద్దాన్ని చొక్కా అంచుతో తుడిచి
తన మొహం చూసుకున్నాడు.
ఆ తర్వాత ఓ పది నిమిషాలు
ఎటు పోయాయో లెక్క చెప్పలేను.

గుర్తొచ్చి, సగం పరుగుతో వచ్చాను.
నోరు తెరుచుకుని నిద్రపోతోంది అచ్చియ్యమ్మ.
నుదుటి మీద మడత లేదు.
నా కోసం వెతుక్కుని ఉంటుందనుకున్నాను.
వెతకలేదట, ఒక్కసారైనా.
ఎక్కడో చిన్న ముల్లు దిగినట్టయింది,
ఇంకెక్కడో ఊడొచ్చినట్టూ అయింది.

లేచాక ఎడమచేత్తో నన్ను చూపించింది,
తలుపు చూపించింది.
"రే... రేపు..."
రేపూ వెళ్ళమంటావా?
తలూపింది.
మళ్ళీ చాలాసేపు పెనుగులాడి,
సగం మొహంతో నవ్వి,
"నీ... సూపు... బరువు" అంది.

అప్పుడు తెలిసింది.
రాత్రీ పగలూ రెప్ప వాల్చకుండా
ఆవిడ మీద మోపిన నా కళ్ళని
పక్కలో కదల్లేని మనిషి
ఎటూ తప్పుకోలేక మోసింది.
చూసుకోవడంలో చూడకపోవడం కూడా ఉంటుందని
అరవై రెండేళ్ళకి,
మాట రాని మనిషి నేర్పింది.

కాగితం దగ్గరికెళ్ళాను.
"ఏరు. అరగంట."
ఎవరి గడిలో రాయాలో తేలక
ఆ వంకర గీత మీదే రాశాను.

సాయంత్రం మాత్ర ఇరవై నిమిషాలు ఆలస్యమైంది.
అదీ రాశాను.